పదమూడో వరుస

తమక, కోలార్
14 మే 2021

చిన్నమ్మకు,

వీణ నమస్కారాలు. ఫోన్ ఉండగా ఈ పిల్లకు ఉత్తరం రాసే పిచ్చి ఎప్పుడు పట్టిందని ముక్కున వేలేసుకుంటావు. మొన్న ఫోన్ చేస్తే ఏం జరిగిందో నువ్వే చెప్పావు కదా. నా గొంతు విని చెల్లి తాయి తలుపు చాటునా మంచం కిందా నన్ను వెతికిందనీ, కనిపించలేదని ఆ పూట అన్నం ముట్టలేదనీ. పదేళ్ల పిల్లను అట్లా ఏడిపించినందుకు నాకు ఆ రోజంతా ఏమీ తోచలేదు. ఇక ఫోన్ చేయను. పైగా నాకు ఇప్పుడు కావలసింది నీ మాట కాదు, నీ చేతిరాత.

సంగతి ఇది. తాయిలాగా నిదానంగా నేర్చుకునే పిల్లలకు పాఠం చెప్పే బీఎడ్ కదా నాది. ఇది చివరి సెమిస్టరు. ప్రత్యేక పాఠశాలకు వెళ్లి, ఒక బిడ్డకు ఒక పని నేర్పి, రోజూ ఏం జరిగిందో రాసి ఫైలు పెట్టాలి. కరోనాతో బడులన్నీ మూసేశారు. ఇప్పటిదాకా నేను ఆన్‌లైన్లో దిండుకు పాఠం చెబుతున్నాను. నవ్వకు, నిజమే. దిండుకు చొక్కా తొడిగి, పళ్లు తోమించి, "శభాష్" అని మెచ్చుకుంటుంటే ముప్పై మంది చూస్తారు. మా ఇంటి ఓనరమ్మ ఏంజెలిన్ ఆంటీ కిటికీలోంచి చూసి, "ఏమ్మా, ఒంటరిగా ఉండి ఉండి నీకేమన్నా అయిపోయిందా?" అని మిరియాల కషాయం కాచి ఇచ్చింది.

జూన్ 26 లోపల నిజమైన బిడ్డతో చేసిన ఫైలు ఇవ్వకపోతే నాకు ఈ ఏడు పోతుంది. బస్సుల్లేవు, మీ ఊరు రాలేను. చెక్‌పోస్టు దాటి పలమనేరులో అమ్మ దగ్గరికీ పోలేను. అందుకని నువ్వే నా చేతులు కావాలి. తాయికి చేతులు కడుక్కోవడం నేర్పుదాం.

ఇందులో చార్టు పెట్టాను. పనిని పన్నెండు మెట్లు చేశాను, కుళాయి తిప్పడం దగ్గర్నుంచి తువ్వాలుతో తుడుచుకోవడం వరకు. ప్రతి మెట్టుకూ మూడు గడులు: స్వయంగా, మాట సాయంతో, చేయి సాయంతో. ఏది జరిగితే దాంట్లో టిక్కు పెట్టు. రెండే నియమాలు. తాయికి ఎదురుగా కాదు, వెనక నిలబడి, నీ చేతులు దాని చేతుల మీద ఉంచి చేయించు. రెండోది, చివరి మెట్టు ముందు నేర్పు. పదకొండు మెట్లు నువ్వు చేయించి, తువ్వాలు దాని చేతికిచ్చి నీ చేతులు తీసేయ్. ఊరికే ఆగు. ఎంతసేపైనా ఆగు. అది తుడుచుకోగానే శభాష్ అను. ప్రతిసారీ పని ఆ బిడ్డ చేత్తోనే ముగియాలి.

మా గైడు జెసింతా మేడం కేజీఎఫ్ ఆవిడ. ముప్పై ఏళ్లు ఇలాంటి పిల్లలతోనే గడిపారు. తెలుగు చదవడం కూడా వచ్చు. "తల్లి రాసిందే రుజువు, నువ్వు రాసింది కథ" అన్నారు. నీ ఉత్తరాలు నేరుగా ఫైలులోకి పోతాయి. పాలబండి అమృతరాజన్న రోజూ మీ ఊరి డెయిరీకి వచ్చి కోలార్ వస్తాడు కదా, ఆయనకు ఇవ్వు.

నీ దిండు టీచరు,
వీణ

---

నంగలి
19 మే 2021

వీణమ్మకు చిన్నమ్మ దీవెనలు.

పట్టుపురుగులు ఇంకా రాలేదు గనక ఇంట్లో ప్రస్తుతం మనుషులమే ఉన్నాం, అందరం బాగున్నాం. మీ చిన్నాన్న మామిడికాయల లారీ వెంట పోయాడు. నేను పురుగుల షెడ్డుకు సున్నం కొడుతూ, ఒళ్లంతా తెల్లగా దెయ్యంలా ఉన్నప్పుడు నీ ఉత్తరం వచ్చింది. అమృతరాజు దాని మీద శానిటైజర్ కొట్టి మరీ ఇచ్చాడు. "కుళాయి" అన్న దగ్గర సిరా అలికిపోయింది. అర్థం చేసుకున్నాలే.

చివరి మెట్టు ముందు నేర్పమన్నావు. శోభనం అయ్యాక పెళ్లిచూపులకు పోయినట్టుంది మీ చదువు. అయినా నువ్వు చెప్పావు గనక చేస్తాను. మొదలుపెట్టాను కూడా. మొదటి రోజే కదా, బాగానే ఉంది.

మా చెన్నరాయప్ప బావ, అదే మీ చిన్నాన్న అన్న, చార్టు గోడకు అంటిస్తుంటే చూశాడు. అరచేతిలో పొగాకు నలుపుతూ, "దానికి సదువేందిమ్మా నేత్రా! వాకిట్లో కూసోని కోళ్లు తోలుకుంటే సాల్దా?" అన్నాడు. పెద్దవాడు, ఏం చెప్తాను? ఈ ఇంట్లో ఆయనకు ఎదురు చెప్పిన కోడలు లేదు. పోయిన ఏడు ఆ పొగాకు చేత్తోనే షెడ్డులోకొచ్చి పురుగులకు మల్బరీ ఆకు వేశాడు. ఆ వాసన తగిలితే పురుగు ఆకు ముట్టదు, కక్కుకుని చస్తుంది. సగం పంట పోయింది. చేతులు కడుక్కుని రా బావా అని ఒక్కరం అనలేకపోయాం. షెడ్డు గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ల బకెట్టూ సబ్బూ తువ్వాలూ ఉన్నాయి, అందరికీ ఉన్నాయి, ఆయనకు తప్ప.

వేళకు తిను. కషాయం తాగు, ఓనరమ్మ మంచిదే.

నేత్రావతి

---

నంగలి
29 మే 2021

వీణమ్మకు,

చార్టు పంపుతున్నాను. చూసుకో, మురిసిపో. మీ మేడంకు కూడా చూపించు.

ఇక్కడ గాలివాన గట్టిగా కొట్టింది. కరెంటు స్తంభం పడి సోమ, మంగళ, బుధవారాలు ఊరంతా చీకటి. మోటారు లేక కుళాయిలో చుక్క నీరు లేదు, తోట బావి నుంచి మోసుకున్నాం. మామిడి రాలింది రాలినట్టే పోయింది. రాలిన కాయలతో ఊరగాయ పెట్టాను, నీకొక జాడీ అమృతరాజు చేతికిచ్చాను. దారిలో మూత తీసి వాసన చూశాడేమో అడుగు.

తాయి బాగుంది. నీ ఫోటో చూపిస్తే వేలితో నీ ముక్కు నొక్కుతోంది.

నేత్రావతి

---

తమక
2 జూన్ 2021

బంగారు చిన్నమ్మా,

చార్టు చూసి గంతులేశాను! పది రోజుల్లో పన్నెండు మెట్లూ స్వయంగానా! ఏంజెలిన్ ఆంటీకి చూపించాను, అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. అమ్మ ఏడ్చింది. చెన్నరాయప్ప పెదనాన్న ముందు ఆ చార్టు చదివి వినిపించు, కోళ్ల సంగతి ఆయన్నే చూసుకోమను.

ఇక ఆగేది లేదు. దీంతో పాటు అన్నం కలుపుకోవడానికి తొమ్మిది మెట్లు, చొక్కా గుండీలకు పదకొండు మెట్లు కొత్త చార్టులు పంపుతున్నాను. ఆలూ లేదు చూలూ లేదు అంటావేమో, అననీ. దసరా నాటికి తాయి తన జడ తనే వేసుకుంటుంది చూడు.

ఊరగాయ వచ్చింది. అమృతరాజన్న వాసన చూడలేదట, ఒక ముక్క మాత్రం తిన్నాడట.

గర్వంతో,
వీణ

---

తమక
9 జూన్ 2021

చిన్నమ్మా,

ఈ ఉత్తరం కోపంగా ఉంటుంది, ముందే చెబుతున్నాను.

నిన్న జెసింతా మేడం కెమెరా ముందు నీ చార్టు ఒక చేత్తో, నీ ఉత్తరం ఒక చేత్తో పట్టుకున్నారు. "ఏమ్మా వీణా, ఇది బిడ్డ చార్టా, దేవుని చార్టా? ముప్పై ఏండ్లలో నేను ఇట్లాంటి చార్టు చూడలేదు" అన్నారు. నేను పొగడ్తే అనుకుని నవ్వాను. అప్పుడు అడిగారు. "సోమ, మంగళ, బుధ కుళాయిలో నీళ్లే లేవని ఈమె రాసింది. ఆ మూడు రోజులూ బిడ్డ కుళాయి తిప్పి కడుక్కున్నదని కూడా ఈమే రాసింది. ఏ నీళ్లతో కడిగిందమ్మా?"

ముప్పై మంది ముందు, చిన్నమ్మా. దిండుకు పళ్లు తోమినప్పుడు కూడా నాకు అంత సిగ్గు వేయలేదు.

టిక్కులన్నీ ఒకే పెన్నుతో, ఒకే వాలుగా ఉన్నాయి. అన్నీ ఒక్కసారే కూర్చుని పెట్టావు కదూ? నిజమైన చార్టు లేకపోతే నా ఫైలు తీసుకోనన్నారు. ఇంకా పదిహేడు రోజులున్నాయి. నువ్వే నాకిలా ఎందుకు చేశావు? నేర్పడం ఇష్టం లేకపోతే లేదని రాసి ఉంటే సరిపోయేది.

వీణ

---

నంగలి
12 జూన్ 2021

వీణమ్మకు,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి ఆకు కోస్తూ తోటలో చదివాను, అక్కడైతే ఏడ్చినా ఎవరూ చూడరని.

అవును, అన్నీ ఒక్కసారే కూర్చుని పెట్టాను. అబద్ధం ఆడినా అతికినట్టుండాలంటారు, నాకు అదీ చేతకాలేదు. ఇష్టం లేక మాత్రం కాదు. ఆ మాట ఎట్లా రాశావే?

నిజం ఇప్పుడు రాస్తున్నాను, మీ మేడంకు చూపించుకో. కుళాయి తిప్పగానే ఆ బుస్సుమనే చప్పుడుకి తాయి చెవులు మూసుకుని అరుస్తుంది. పది రోజులూ అరిచింది. నేను వెనక నిలబడి పట్టుకుంటే నా చేయి కొరికింది. ఒక్క మెట్టు కూడా స్వయంగా చేయలేదు. చేయి సాయం గడుల్లో టిక్కులు పెట్టుకుంటూ పోతే, నేర్చుకోలేదని బిడ్డకు మార్కులు తగ్గిస్తారనుకున్నాను. దాంతో పాటు నీకూ తగ్గుతాయనుకున్నాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. తాయికి నాలుగేళ్లప్పుడు ఒక క్యాంపుకు ఎత్తుకుపోయాను. బల్ల వెనక ఎవరో ఒకాయన, దాని ముఖం కూడా సరిగ్గా చూడకుండా, ఇట్లాంటి గడుల కాగితం మీద టకటకా గీతలు కొట్టి, "ఈ పిల్లకు ఏమీ రాదు, ఇంటికి తీసుకుపోమ్మా" అన్నాడు. ఒక్క నిమిషం పట్టలేదు. అప్పటి నుంచి గడుల కాగితం కనిపిస్తే మడిచి అవతల పెట్టేస్తాను. నీ చార్టు ముందు కూర్చున్నప్పుడు, ఈసారి పెన్ను నా చేతిలో ఉంది కదా అనుకున్నాను. నా బిడ్డకు అన్నీ వచ్చని ఒక్కసారి, ఒక్క కాగితం మీదైనా చూసుకోవాలనిపించింది. కాకిపిల్ల కాకికి ముద్దు. నీ చదువు మీదికి వస్తుందని తోచలేదు, క్షమించు.

పురుగులు వచ్చాయి, ఏడో తేదీన. ఇక నాకు ఊపిరాడదు. తాయికి వాటి మీద ఎంత మోజో! అవి ఆకు తింటుంటే వాన పడుతున్న చప్పుడొస్తుంది కదా, అది వింటూ పూటంతా షెడ్డు గడప మీద కూర్చుంటుంది. లోపలికి రానివ్వను. చేతులు కడుక్కోని మనిషిని ఎట్లా రానిస్తాను?

నీ మీద ఒట్టు, ఇక ఉత్త టిక్కు ఒక్కటి కూడా పెట్టను.

నేత్రావతి

---

తమక
15 జూన్ 2021

చిన్నమ్మా,

నేర్పడం ఇష్టం లేదా అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నీ చేయి కొరికిందని చదివాక సరిగ్గా నిద్ర పట్టలేదు. పసుపు రాశావా?

నీ ఉత్తరం మేడంకు ఇచ్చాను. ఇవ్వాలా వద్దా అని ఒక రోజు ఆలోచించాను. ఇస్తే ఏడు పోతుందేమోనని భయం. ఇవ్వకపోతే ఇంక నేనేం టీచర్ని? మేడం మొత్తం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇది మొదటి రుజువు. ఖాళీ గడులకు నేను మార్కు తగ్గించను. ఉత్త టిక్కులకు మాత్రం ఏడాదే తీసేస్తాను" అన్నారు. తరువాత నన్ను తిట్టారు. "ఆ బిడ్డకు ఏమి పిరియమో ఆ తల్లిని అడిగినావా? పుస్తకంలో కుళాయి ఉండాదని నువ్వూ కుళాయే పెడితివా?"

అడగలేదు చిన్నమ్మా. తాయికి కుళాయి చప్పుడు భయమని నాకు తెలియదు. పుస్తకంలో ఉంది, రాశాను. నా తప్పే.

కుళాయి వదిలెయ్. షెడ్డు గుమ్మం దగ్గర బకెట్టుంది కదా, అక్కడ చేయించు. చప్పుడుండదు. కడుక్కుంటే లోపలికి, లేకపోతే లేదు. నువ్వు రోజూ ఎన్నిసార్లు ఆకు వేయడానికి పోతే అన్నిసార్లు. వేరే సమయం పెట్టుకోకు. కొత్త చార్టు పంపుతున్నాను, పన్నెండు వరుసలే, కుళాయి బదులు బకెట్టు, ప్రతి వరుస చివర నేర్పినవారి సంతకానికి ఒక గడి. అన్నం, గుండీల చార్టులు పొయ్యిలో పడేయ్.

పదకొండు రోజులే ఉన్నాయి. ఒక్క మెట్టు వచ్చినా చాలు. ఒక్కటీ రాకపోయినా రాలేదనే రాయి. ఏడు పోతే మళ్లీ చదువుతాను, నువ్వు మాత్రం భయంతో టిక్కు పెట్టకు.

నీ కూతురే,
వీణ

---

నంగలి
24 జూన్ 2021

వీణమ్మకు,

చేతులు నొప్పిగా ఉన్నాయి, అక్షరాలు వంకరపోతే సర్దుకో. పురుగులు పండి గూళ్లు కట్టడానికి సిద్ధమయ్యాయి, నిన్నటి నుంచి ఏరి చంద్రికల మీదికి ఎక్కిస్తున్నాం. ఈ వెదురు తడికెల మీద అవి గూళ్లు కడుతుంటే చూడటానికి రెండు కళ్లు చాలవు. ఒక్క పురుగు కూడా కక్కలేదు ఈసారి. ఎందుకు కక్కలేదో చెబుతాను, అందుకే ఇంత పని మధ్యలో ఈ ఉత్తరం.

నువ్వు చెప్పినట్టే చేశాను. వెనక నిలబడి, చేతుల మీద చేతులు పెట్టి, బకెట్టులో ముంచి, సబ్బు రాయించి, చివర తువ్వాలిచ్చి ఆగాను. మొదటి రోజు నేను ఆగలేక చచ్చాను. లోపల పురుగులు ఆకలితో ఉన్నాయి, ఈ పిల్ల తువ్వాలు వైపు చూస్తూ నిలబడింది. మూడో రోజు తుడుచుకుంది! శభాష్ అన్నాను. లోపలికి రానిచ్చాను. పురుగుల తట్ట ముందు కూర్చుని, కళ్లు మూసుకుని ఆ వాన చప్పుడు వింది. అప్పటి నుంచి నేను ఆకు గంప ఎత్తితే చాలు, నాకంటే ముందు బకెట్టు దగ్గర ఉంటోంది. అయినా చార్టులో ఉన్నదే నిజం. తుడుచుకోవడం స్వయంగా. చేతులు విదిలించడం మాట సాయంతో. మిగిలిన పదీ ఇంకా చేయి సాయంతోనే. ఉన్నది ఉన్నట్టే రాశాను.

ఇంక అసలు సంగతి. సోమవారం పొద్దున బావ వచ్చినాడు. అరచేతిలో పొగాకు, నోట్లో పొగాకు. చెప్పులు విడిచి, బకెట్టు వైపు చూడనైనా చూడకుండా గడప మీద కాలు పెట్టాడు. చెప్పాలి, నోరు రాదు. తాయి లేచి ఆయన భుజం మీది తువ్వాలు కొంగు పట్టి లాగింది.

"యాడికి లాగుతావే! ఇడువు!" అన్నాడు. ఇడవలేదు. ఆయన నా వైపు చూశాడు. నేను ఆకులో ఏదో ఏరుతున్నట్టు తల వంచుకున్నాను.

లాగి లాగి బకెట్టు పక్కనున్న బండ మీద కూర్చోబెట్టింది. తరువాత ఆయన వెనక్కి పోయింది. వీణా, ఎదురుగా కాదు, వెనక్కి! గడ్డం ఆయన భుజం మీద ఆనించి, తన రెండు చేతులూ ఆయన చేతుల మీద పెట్టి బకెట్టులో ముంచింది. సబ్బు పట్టించింది. ఆ సబ్బు జారి బకెట్టులో పడింది, పట్టించుకోలేదు. చేతి వెనక వైపు రుద్దడం మరిచిపోయింది. వేళ్ల సందుల్లో మాత్రం నేను రుద్దినట్టే, అంతే నిదానంగా రుద్దింది. అరవై రెండేళ్ల మనిషి, పంచాయితీలు తీర్చే మనిషి, పసిబిడ్డలా కూర్చున్నాడు.

అంతా అయ్యాక తువ్వాలు తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పెట్టి, తన చేతులు తీసేసింది. ఆగింది.

"ఏందే ఇంగ?" అన్నాడు.

అది ఆగే ఉంది. నేను చూడు, అన్ని రోజులూ దాని వెనక నిలబడి ఆగానే, అచ్చం అట్లాగే. ఆయన తువ్వాలు చూశాడు, చేతులు చూసుకున్నాడు, తుడుచుకున్నాడు. తాయి ఆయన వీపు మీద చరిచి, "బాస్!" అంది. శభాష్ అనే మాట దాని నోట అట్లా వస్తుంది.

బావ నడుముకున్న పొగాకు సంచి విప్పి బండ మీద పెట్టాడు. "నేత్రా, పోయిన ఏడు నేనే కదమ్మా సంపినాను?" అన్నాడు. నేను అవునని చెప్పినాను, బావా అని పిలిచి, ముఖం చూసి చెప్పినాను. ఈ ఇంటికొచ్చి పదహారేళ్లు, ఆ మాట అనడం ఇదే మొదలు. మరుసటి రోజు నుంచి ఆయనే వచ్చి బండ మీద కూర్చుంటున్నాడు. కడుక్కోవడం రాక కాదు. తాయి వచ్చి వెనక నిలబడేదాకా లేవడు.

చార్టు కింద నేను ఒక వరుస కలిపాను. నువ్వు గీయలేదు, కోప్పడకు. ఉత్త టిక్కు కాదు, నీ మీద ఒట్టు. ఊరంతా సాక్షి.

"13. పెదనాన్నకు చేతులు కడుక్కోవడం నేర్పడం: స్వయంగా."

మార్కులు వస్తాయో రావో నాకు తెలియదు. వచ్చినా రాకపోయినా నా బిడ్డకు ఏమీ రాదని ఇంక ఎవరూ అనలేరు.

నేత్రావతి

---

తమక
2 జూలై 2021

చిన్నమ్మకు, ఇంటిల్లిపాదికీ, గూళ్లు కట్టిన పురుగులకూ వీణ నమస్కారాలు.

ఫైలు ఇరవై ఆరో తేదీనే ఇచ్చేశాను. మేడం నీ ఉత్తరం క్లాసులో పైకి చదివారు. "ఏందే ఇంగ" దగ్గర అందరూ నవ్వారు, ఆ తరువాత ఎవరూ నవ్వలేదు. ఒకమ్మాయి కెమెరా ఆపేసుకుంది. నేను కూడా.

ఈరోజు ఫైలు తిరిగి వచ్చింది. కంగారు పడకు. పాసే. అయితే ఒక్క లోపం ఉందట, అది సరిచేసి ఇస్తే సంతకం పెడతానన్నారు. చార్టులో ప్రతి వరుస చివరా "నేర్పినవారి సంతకం" అని ఒక గడి ఉంది కదా. పన్నెండు వరుసలకూ నీ సంతకం పక్కన నేను చేశాను. పదమూడో దానికి నువ్వు చేయలేదు, నేనూ ఖాళీగానే వదిలేశాను. నేను మరిచిపోయానని మేడం అనుకోలేదు. "ఎవరు నేర్పినారో వాళ్లతోనే వేయించుకుని రా" అన్నారు.

అందుకని చార్టు మళ్లీ పంపుతున్నాను. పదమూడో వరుసలో తాయి వేలిముద్ర వేయించు. సిరా డబ్బా కూడా ఇందులోనే ఉంది. ముందు చేతులు కడుక్కోమను. తువ్వాలు దాని చేతికిచ్చి, నువ్వు ఊరికే ఆగు. అదే తుడుచుకుంటుంది.

వీణ